అతుకు పట్టింది సరే, ఆ తర్వాత?

సంపాదకుల గారికి,

నమస్కారములు.

మీ పత్రిక జిల్లా పేజీలలో అప్పుడప్పుడు ఒక తరహా వార్త చదువుతుంటాను. ఒళ్ళు కాలిన రోగికో, రోడ్డు ప్రమాదంలో కాలి మీద చర్మమంతా లేచిపోయిన కుర్రవాడికో తొడ నుంచి చర్మం తీసి అతికించారనీ, శస్త్రచికిత్స విజయవంతమైందనీ అందులో ఉంటుంది. పక్కన వైద్య బృందం ఫొటో ఉంటుంది. ఆ వైద్యుల కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. నా అభ్యంతరమల్లా, ఆ వార్త ఎక్కడ ముగుస్తుందో రోగికి అసలు పని అక్కడే మొదలవుతుందన్న సంగతి పత్రికలూ రాయవు, ఆసుపత్రులూ తీరికగా చెప్పవు. ఆ చెప్పకపోవడం వల్ల మా ఇంట్లో ఒక చేయి దాదాపు పనికిరాకుండా పోయి, మళ్ళీ దారికి వచ్చింది. అందుకే ఈ ఉత్తరం కొంచెం దీర్ఘమైనా మీరు ప్రచురిస్తారని ఆశిస్తున్నాను.

మూడేళ్ళ కిందట కొండపి దగ్గరి ఒక పల్లెలో బంధువుల గృహప్రవేశం జరిగింది. పెద్ద గుండిగలో అన్నం వారుస్తుండగా కాలి కింద తడికి జారి, మరుగుతున్న గంజి మా చెల్లెలి కుడిచేతి మీద మోచేతి పైనుంచి వేళ్ళ దాకా పడింది. గంజి కాలడం నీళ్ళు కాలడం లాంటిది కాదు. నీళ్ళు జారిపోతాయి, గంజి ఒంటికి అంటుకొని తన వేడినంతా అక్కడే దించుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకరు ఇడ్లీ పిండి పూశారు, ఇంకొకరు టూత్‌పేస్టు పూశారు. గాజులు తీయాలని ఎవరికీ తోచలేదు. ఆసుపత్రికి చేరేసరికి చేయి ఉబ్బిపోయి, ఉన్న రెండు బంగారు గాజులూ కండలోకి దిగబడితే వాటిని తుంచి తీయవలసి వచ్చింది. ఆ వేళ చేయవలసిందల్లా, పెరట్లోని కుళాయి కింద చేయి పెట్టి 20 నిమిషాల పాటు మామూలు చల్లని నీళ్ళు ధారగా పోయడం, గాజులూ ఉంగరాలూ వెంటనే తీసేయడం, శుభ్రమైన బట్ట కప్పి 108కి ఫోను చేయడం మాత్రమేనని నాకు తర్వాత తెలిసింది. కాలిన మూడు గంటల లోపు ఎప్పుడు నీళ్ళు పోసినా ఎంతోకొంత మేలు ఉంటుందట. ఐసు మాత్రం పెట్టకూడదు. పిండీ పేస్టూ పూస్తే అవి గాయం లోతు ఎంతో వైద్యుడికి కనపడకుండా చేస్తాయి, కడిగేటప్పుడు రోగికి రెండోసారి నరకం చూపిస్తాయి.

లోతు అన్న మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే చర్మం అతికించాలా వద్దా అన్నది దాని మీదే తేలుతుంది. చర్మానికి పైన ఒక పలుచని పొర, దాని కింద దళసరి పొర ఉంటాయి. వెంట్రుకల కుదుళ్ళూ చెమట గ్రంథులూ ఆ దళసరి పొరలో నాటుకొని ఉంటాయి. పైపైన కాలితే ఆ కుదుళ్ళ నుంచే కొత్త చర్మం పాకి రెండు మూడు వారాల్లో గాయం తనంతట తాను మానుతుంది. కుదుళ్ళు కూడా కాలిపోయినంత లోతుగా కాలితే, చుట్టూ ఉన్న అంచుల నుంచి చర్మం లోపలికి పాకి రావడం తప్ప వేరే దారి ఉండదు. దానికి నెలలు పడుతుంది, ఆ నెలల్లో చీము పడుతుంది, మానినా మచ్చ గడ్డకట్టి బిగుసుకుపోతుంది. అందుకే మూడు వారాల్లో మానదని తోచిన గాయానికి వైద్యులు చర్మం అతికిస్తామంటారు. నొప్పి లేదు కాబట్టి గాయం చిన్నదేననుకోవడం మనలో చాలామంది చేసే పొరపాటు. బాగా లోతుగా కాలిన చోట నరాల కొసలు కూడా కాలిపోతాయి కనుక అక్కడ నొప్పి తెలియదు. తెల్లగానో తోలు రంగులోనో మారి, ముట్టుకున్నా స్పర్శ లేని చోటే ఎక్కువ ప్రమాదం.

ఈ ఆపరేషన్ కాలిన వాళ్ళకే అనుకోవడం కూడా సరికాదు. మా చెల్లెలితో వార్డులో ఉన్నవాళ్ళను చూస్తే మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల బతుకంతా అక్కడ కనిపించింది. జాతీయ రహదారి మీద లారీ చక్రం కింద కాలు పడి పిక్క మీద చర్మం మేజోడులా ఊడివచ్చిన కుర్రవాడు ఒకడు. నాట్ల సమయంలో రక్తపింజర కరిచి, ప్రాణం దక్కినా పాదం మీద కండ కుళ్ళి తీసేయించుకున్న రైతు ఒకాయన. చక్కెర వ్యాధితో అరికాలి పుండు నెలల తరబడి మానని పెద్దాయన మరొకరు. రోగాలు వేరైనా ముగ్గురికీ జరిగింది ఒకటే: తొడ తోలు తీసి అతికించడం.

మన వైపు దీన్ని తోలు అతికించడమనే అంటారు. ఆసుపత్రి కాగితం మీద స్కిన్ గ్రాఫ్టింగ్ అని ఉంటుంది, చేసేది ప్లాస్టిక్ సర్జన్. ఆ పేరు విని మా బావ, చేతికి ప్లాస్టిక్ ఏదో అతికిస్తారేమోనని రెండు రోజులు లోలోపల మథనపడ్డాడు. పోతపోసి రూపం ఇవ్వడమనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిన పేరది, బకెట్ల ప్లాస్టిక్‌కూ దీనికీ సంబంధం లేదు. ఇక మా మేనల్లుడు, అమ్మకు నా తొడ తోలు తీయండని సర్జన్ గారి దగ్గర పట్టుబట్టాడు. ఆ పిల్లవాడి మనసు గొప్పదే గాని, శరీరం ఇంకొకరి చర్మాన్ని నిలవనీయదు, రెండు మూడు వారాల్లో తోసేస్తుంది. శాశ్వతంగా నిలిచేది ఎవరి చర్మం వాళ్ళకే, లేదంటే ఒకే అండం నుంచి పుట్టిన కవలలకే. ఇదంతా ఆయన ఓపికగా చెప్పారు. అన్నీ అలాగే చెప్పి ఉంటే ఈ ఉత్తరం రాసే పనే ఉండేది కాదు.

తొడ నుంచి తీసేది మొత్తం తోలు కాదు. పైపొరనూ, దళసరి పొరలో పైపై భాగాన్నీ మాత్రమే, మిల్లీమీటరులో మూడో వంతు అటూ ఇటూ మందంతో, డెర్మటోమ్ అనే పరికరంతో చెక్కినట్టుగా తీస్తారు. కుదుళ్ళు కిందే ఉండిపోతాయి కనుక ఆ తొడ రెండు వారాల్లో తనంతట తాను మానుతుంది. రోగులకు ముందుగా చెప్పవలసిన మాట ఒకటుంది: మొదటి వారంలో అతికించిన చోటికంటే తీసిన చోటే ఎక్కువ నొప్పి పెడుతుంది. మోకాలు గీరుకుపోతే మంట ఎలా ఉంటుందో, తొడంతా అలా ఉంటుంది. మా చెల్లెలు చేయి మాట మరచిపోయి తొడ పట్టుకొని ఏడ్చింది, ఆపరేషన్ ఏదో తేడా కొట్టిందని మేమంతా హడలిపోయాము. తేడా ఏమీ లేదు. ఆ తొడ మీది కట్టు అంటుకుపోయి ఎండిపోతుంది, దాన్ని లాగకూడదు. కింద చర్మం వచ్చేకొద్దీ అదే అంచుల దగ్గర లేస్తుంది, లేచినంతమేర కత్తిరించుకుంటూ రావాలి. వాసన వచ్చినా, చీము కారినా, జ్వరం వచ్చినా మాత్రం ఆగకుండా చూపించాలి.

అతికించిన చర్మం ఎలా బతుకుతుందో నాకు ఒక నర్సమ్మ చెప్పింది. ఆమెది పెన్నా కింద మాగాణి ఊరు. నారు పీకి నాటినట్టే మాస్టారూ, మూన తిరిగి వేరు పట్టేదాకా కదిలించకూడదు అన్నది. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన నాకు అంతకంటే మంచి పోలిక దొరకలేదు. తీసిన చర్మానికి సొంత రక్తనాళాలు ఉండవు. మొదటి ఒకటి రెండు రోజులు కింది గాయం నుంచి ఊరే ద్రవాన్నే పీల్చుకొని బతుకుతుంది. రెండో రోజు, మూడో రోజు నుంచి దాని సన్నని నాళాల కొసలూ గాయంలోని నాళాల కొసలూ ఒకదానితో ఒకటి కలుస్తాయి. వారం తిరిగేసరికి రక్తం పారుతుంది, అతుకు పట్టినట్టే. ఈలోగా చర్మానికీ గాయానికీ నడుమ రక్తం గూడు కట్టినా, నీరు చేరినా, చీము పట్టినా, కట్టు కాస్త పక్కకు జరిగినా ఆ మేరకు చర్మం చచ్చి నల్లబడుతుంది. అందుకే చర్మానికి సన్నని గాట్లు పెట్టి వలలా సాగదీస్తారు. కంతల గుండా నీరు బయటికి పోతుంది, తక్కువ చర్మం ఎక్కువ మేర కప్పుతుంది. ముఖం మీదా, వీలైతే కీళ్ళ మీదా వల చేయకుండా నిండు చర్మమే వేస్తారు. మా చెల్లెలికి మోచేతి దగ్గర నిండుగా, ముంజేతి మీద వలగా వేశారు.

అయిదో రోజున కట్టు విప్పారు. నేను పక్కనే ఉన్నాను. సెలైను నీళ్ళతో తడిపి తడిపి, ఒక్కొక్క పొరే నిదానంగా లేపుతుంటే అరగంట పట్టింది. కింద గులాబీ రంగులో, చిన్న చేపలకు వేసే చల్లవల కన్నుల్లాగా గళ్ళు గళ్ళుగా ముంజేయి కనిపించింది. మణికట్టు దగ్గర రూపాయి బిళ్ళంత మేర మాత్రం నల్లగా ఉంది. మా చెల్లెలు ఒకసారి చూసి ముఖం తిప్పుకుంది. సర్జన్ గారు వేలితో అంచుమీద మెల్లగా నొక్కి, తెల్లబడి మళ్ళీ ఎర్రబడడం నాకు చూపించి, పట్టింది మాస్టారూ అన్నారు. ఆ గళ్ళు నెలలు గడిచేకొద్దీ కొంత కలిసిపోతాయి గాని పూర్తిగా పోవు. ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే, సంతకం పెట్టించుకునే రోజే చెప్పవలసింది.

ఎముకో, కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయువో బయటపడిన చోట ఈ పలుచని చర్మం పట్టదు, ఎందుకంటే అక్కడ దానికి తిండి పెట్టే రక్తం లేదు. అలాంటి చోటికి కొవ్వుతో, ఒక్కోసారి కండతో సహా చర్మాన్ని దాని రక్తనాళంతోనే జరిపి కప్పుతారు. దీన్ని ఫ్లాప్ అంటారు. మా వార్డులోని లారీ ప్రమాదం కుర్రవాడికి మోకాలి కింద ఎముక కనపడుతుంటే ఆ మేరకు అదే చేశారు, మిగతా చోట తొడ తోలే వేశారు. ముక్కు తెగిన వారికి చెంప చర్మంతో ముక్కు కట్టే పద్ధతిని సుశ్రుతుడు వర్ణించాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. 1794లో, పూనాలో నుదుటి చర్మం దించి ఒక బండివాడికి ముక్కు కట్టిన సంగతి లండన్ పత్రికలో ఉత్తరంగా అచ్చయితే, అది చదివిన కార్ప్యూ అనే సర్జన్ 20 ఏళ్ళ తర్వాత అక్కడ అదే పని చేసి చూపించాడు. ఒక పత్రికకు రాసిన ఉత్తరం అంత పని చేసిందని గుర్తుచేసుకోవడం, ఉత్తరాలు రాసే అలవాటున్న నాబోటివాడికి కాస్త ఊరట. ఫ్లాప్ వేసిన వాళ్ళకు ఒక హెచ్చరిక తప్పనిసరి: చుట్ట, బీడీ, సిగరెట్టు ఏదైనా సరే, పొగలోని నికోటిన్ సన్నని రక్తనాళాలను బిగదీస్తుంది, వేసిన ఫ్లాప్ అంచులు చచ్చిపోతాయి. ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు నుంచి, గాయం మానేదాకా మానుకొమ్మంటారు. పొగాకు పండించి బతికే జిల్లాలో ఈ మాట ఎవరికి రుచిస్తుందో తెలియదు, కాని ఆ కుర్రవాడి తండ్రి మాత్రం కొడుకు మంచం పక్కన చుట్ట ముట్టించబోయి నర్సమ్మ చేత గట్టిగా చీవాట్లు తిన్నాడు.

ఇక నా ఫిర్యాదుకు వస్తాను. మేము వెళ్ళిన ఆసుపత్రి పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఒక్క ఆసుపత్రి లోపం కాదని నా అనుమానం. అప్పట్లో ఆరోగ్యశ్రీగా ఉన్న, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా పిలుస్తున్న పథకం కింద ఆపరేషన్ ఖర్చు మా మీద పడలేదు. చేసిన పని చక్కగా చేశారు. ఇంటికి పంపే రోజు చేతిలో రెండు ఇంగ్లీషు కాగితాలు పెట్టి, పది రోజులకు రమ్మన్నారు. అందులో మందుల పేర్ల కింద ఒకే ఒక్క వరుసలో, చేయి ముడుచుకోకుండా చాచి ఉంచే బద్ద (స్ప్లింట్) కట్టుకోవాలనీ, ఫిజియోథెరపీ చేయించుకోవాలనీ ఉందని, నాలుగు నెలల తర్వాత వేరే వైద్యురాలు చదివి చెప్పేదాకా మాకు తెలియదు. నేను తెలుగు ఉపాధ్యాయుణ్ణి, ఇంగ్లీషు అంతో ఇంతో చదవగలను. ఆ చేతిరాతను మాత్రం చదవలేకపోయాను.

చెప్పనిచోట మన అలవాట్లు రాజ్యం చేస్తాయి. ఇంటికి రాగానే పత్యం మొదలైంది. పప్పు తింటే చీము పడుతుందన్నారు, గుడ్డు వద్దన్నారు, పెరుగు వద్దన్నారు, పులుపు దగ్గరికే రానివ్వలేదు. వాళ్ళ అత్తగారిని తప్పుపట్టను. ఆవిడ తన కోడలి మేలు కోరే, తాను చూసినదే చేసింది. బియ్యం నూకల జావా, కారం లేని బీరకాయ కూరా పెట్టింది. నెలన్నరలో మా చెల్లెలు సగమైంది, మణికట్టు దగ్గరి నల్లమచ్చ పుండై మానకుండా కూర్చుంది. నిజానికి కాలిన ఒంటికి మామూలు మనిషికి కావలసిన దానికంటే దాదాపు రెట్టింపు మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పాలు, చేపలు కొత్త చర్మానికి ఇటుకల్లాంటివి. సి విటమిన్ లేకపోతే గాయం అల్లుకోదు. పొదలకూరు నిమ్మకాయలు లారీల కొద్దీ ఊళ్ళు దాటిపోయే ప్రాంతంలో, గాయం మానవలసిన మనిషికి నిమ్మచెక్క నిషేధమైంది. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు చక్కెర అదుపులో ఉంచుకోవాలన్నది ఒక్కటే నిజమైన పత్యం.

అంతకంటే పెద్ద నష్టం మోచేతి దగ్గర జరిగింది. అతికించిన చర్మానికి ముడుచుకుపోయే గుణం ఉంటుంది. ఎంత పలుచనిదైతే అంత ఎక్కువ. పట్టిన తర్వాత నెలల పాటు అది చుట్టూ ఉన్నదాన్ని తనవైపు లాక్కుంటూనే ఉంటుంది. మోచేయి మడిచి దిండు మీద పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, చాచితే లాగుతుంది. నొప్పితో ఉన్న మనిషి హాయినే కోరుకుంటుంది, పక్కనున్నవాళ్ళు జాలిపడి దిండు ఇంకాస్త సర్దుతారు. ఎందుకో చెప్పకుండా ఆసుపత్రిలో ఇచ్చిన ప్లాస్టిక్ బద్దను, ఉక్కపోస్తున్నదనీ, దురద పెడుతున్నదనీ తీసి బీరువా మీద పెట్టేశారు. నాలుగు నెలలు తిరిగేసరికి మోచేయి లంబకోణంలో బిగుసుకుపోయింది. అన్నం ముద్ద నోటిదాకా వచ్చేది, కాని దండెం మీద తడిచీర ఆరేయడానికి చేయి అందేది కాదు. ఒకరోజు నేను వెళ్ళేసరికి పెరట్లో ఎడమచేత్తో చీర విసిరి, అది కిందపడితే మళ్ళీ తీసి విసురుతూ ఉంది. నన్ను చూసి, ఏం లేదన్నయ్యా, అలవాటవుతుందిలే అన్నది.

మెడ కాలిన వాళ్ళకు తలకింద దిండు పెట్టకూడదు, భుజాల కింద చుట్టిన దుప్పటి పెట్టి మెడ వెనక్కి వాలేట్టు పడుకోబెట్టాలి. లేకుంటే గడ్డం వచ్చి ఛాతీకి అతుక్కుంటుంది. చంక కాలితే చేయి పక్కకు చాచి ఉంచాలి. వేళ్ళు కాలితే ఏ వేలికి ఆ వేలు విడిగా కట్టు కట్టాలి, లేకపోతే బాతు కాలిలా కలిసిపోతాయి. బద్ద ఎన్ని వారాలు, రోజుకు ఎన్ని గంటలు, వ్యాయామం ఏ రోజు నుంచి అన్నది ఆయా వైద్యులే చెప్పాలి. చెప్పించుకోకుండా ఇంటికి రాకూడదన్నదే నా మనవి.

రెండో ఆపరేషన్ వేరేచోట జరిగింది. బిగుసుకున్న మచ్చను కోసి మోచేయి చాచి, ఏర్పడిన ఖాళీలో మళ్ళీ చర్మం వేశారు. ఈసారి ఆపరేషన్‌కు ముందే ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి మంచం మీద కూర్చొని, ఏమేం చేయాలో చేసి చూపించి, మా చేత చేయించి చూసుకుంది. అతుకు పట్టిన కొద్దిరోజులకే రోజుకు నాలుగైదుసార్లు చేయి చాచడం, ముడవడం, రాత్రంతా బద్ద. గాయం పూర్తిగా మానాక బిగుతు తొడుగు. ప్రెషర్ గార్మెంట్ అనే ఆ తొడుగును స్నానానికీ నూనె రాసుకోవడానికీ తప్ప రోజుకు 23 గంటలు, అలా కొన్ని నెలల నుంచి ఏడాదికి పైగా వేసుకోవాలి. మచ్చ గట్టిపడి ఉబ్బకుండా అది అణిచి ఉంచుతుంది. రోహిణి కార్తెలో ఒంగోలు ఎండకు చేతికి బిగుతు తొడుగు వేసుకొని తిరగడమంటే ఏమిటో వేసుకున్నవాళ్ళకే తెలుసు. రెండు జతలుంటే ఒకటి ఉతికి ఆరేసుకోవచ్చు. మూడు నెలలకు సాగిపోయి మళ్ళీ కొత్తది కుట్టించుకోవాలి. ఆ ఖర్చు మేమే పెట్టుకున్నాము. చాలామంది రోగులు ఇక్కడే చేతులెత్తేస్తారని ఆ అమ్మాయి చెప్పింది, నాకు ఆశ్చర్యం కలగలేదు.

అతికించిన చర్మం ఎన్నటికీ పాత చర్మం కాదు, దానితో సంసారం చేయడం నేర్చుకోవాలి. అందులో చెమట గ్రంథులూ నూనె గ్రంథులూ ఉండవు కనుక ఎండిపోయి పొలుసులు రేగుతుంది. రోజుకు మూడు నాలుగుసార్లు కొబ్బరినూనో, వాసనలేని క్రీమో రాసి వేలి కొసతో గట్టిగా మర్దన చేయాలి. ఒంట్లో ఎక్కువ భాగం అలాంటి చర్మమే ఉన్నవాళ్ళకు చెమట పట్టదు కాబట్టి వేసవిలో వడదెబ్బ త్వరగా తగులుతుంది. ఎండ తగిలితే రంగు నల్లగా తేలి అలాగే ఉండిపోతుంది. కనీసం ఏడాది పాటు కప్పుకొనే తిరగాలి. చిన్న రాపిడికే బొబ్బలు లేస్తాయి, భయపడనక్కరలేదు. దురద మాత్రం మనిషిని కుదురుగా ఉండనివ్వదు, ముఖ్యంగా రాత్రిళ్ళు. దానికి మందులున్నాయి, ఓర్చుకోవలసిన పనిలేదు. స్పర్శ నెలల మీద కొద్దికొద్దిగా వస్తుంది, పూర్తిగా రాదు. ఒకసారి దోసెల పెనం అంచుకు ముంజేయి ఆనించి ఉన్నా మా చెల్లెలికి తెలియలేదు, మాడు వాసనకు వాళ్ళ అబ్బాయి చూసి చేయి లాగాడు. మచ్చ మెత్తబడి, ఎరుపు తగ్గి ఒక రూపానికి రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఏళ్ళ కిందటి పాత కాలిన మచ్చ మీద మానని పుండు పడితే మాత్రం నిర్లక్ష్యం చేయకూడదు, అరుదుగానైనా అది క్యాన్సరుగా మారవచ్చు.

ఇంకొక మాట రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. కాలింది ఆడమనిషి అయితే, పలకరించడానికి వచ్చిన వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న గాయం గురించి ఉండదు. తనే పోసుకుందా, ఎవరైనా పోశారా అని గుమ్మం బయట గొంతు తగ్గించి అడుగుతారు. అలాంటి కేసులు ఉన్నాయి కనుకనే కాలిన గాయాలతో వచ్చిన వారి గురించి ఆసుపత్రి పోలీసులకు తెలియజేస్తుంది, అది సబబే. కాని నలభై మంది ఎదుట గంజి మీదపడ్డ మనిషి ఏడాది పాటు ఆ చూపులను భరించింది. పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేసింది, వెళ్ళినా కొంగు చేతికి చుట్టుకునేది. కోలుకోవడం గురించి కాగితం రాసేవాళ్ళు ఈ సంగతి కూడా అందులో ఎక్కడో ఒకచోట చేర్చాలి.

చర్మదానం గురించి కూడా రెండు మాటలు. ఒంట్లో సగానికి పైగా కాలిన రోగికి తీయడానికి సొంత చర్మం చాలినంత మిగలదు. అప్పుడు చనిపోయినవారి చర్మాన్ని తాత్కాలికంగా కప్పితే, అది ఊడేలోగా ప్రాణం నిలుపుకొని, రోగి తొడ మానాక అదేచోట మళ్ళీ చర్మం తీసుకునే వ్యవధి దొరుకుతుంది. మరణించిన ఆరు గంటల లోపు తొడల నుంచీ వీపు నుంచీ పలుచని పొర మాత్రమే తీస్తారు, దేహం వికృతం కాదు, రక్తం గ్రూపు కలవనక్కరలేదు, గ్లిసరాలులో ఏళ్ళ తరబడి నిలువ ఉంటుంది. హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో 2021లో అలాంటి చర్మ నిధి మొదలైంది. మన ఊళ్ళలో నేత్రదానం మాట తెలిసినంతగా ఈ మాట తెలియదు.

జిల్లా వైద్యాధికారులకు మీ పత్రిక ద్వారా నేను కోరేది పెద్ద పనులేమీ కాదు. చర్మం అతికించుకొని ఇంటికి వెళ్ళే ప్రతి రోగి చేతిలో, అచ్చు వేసిన తెలుగు కాగితం ఒకటి పెట్టాలి. ఏ తేదీ నుంచి బద్ద, ఏ తేదీ నుంచి వ్యాయామం, ఏం తినాలి, ఏ లక్షణం కనపడితే వెంటనే రావాలి అన్నవి అందులో పెద్ద అక్షరాలతో ఉండాలి. చదవలేని వాళ్ళకు దాన్ని చదివి వినిపించి, అదే మాట వాళ్ళ చేత తిరిగి చెప్పించాలి. ఊళ్ళోని ఏఎన్ఎమ్‌కూ ఆశా కార్యకర్తకూ ఆ కాగితం నకలు చేరాలి, పప్పు మాన్పించే అత్తగారితో మాట్లాడగలిగేది వాళ్ళే. కనిగిరి నుంచో, ఉదయగిరి నుంచో చేయి చాచే వ్యాయామం కోసం వారానికి రెండుసార్లు ఒంగోలుకూ నెల్లూరుకూ రావడం కూలిపని చేసుకునే వాళ్ళ వల్ల కాదు. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి ఫిజియోథెరపిస్టు వారంలో ఒక్కరోజు వచ్చినా చాలు. బిగుతు తొడుగులను కూడా చికిత్సలో భాగంగానే లెక్కించి పథకం కిందికి తేవాలి, ఎందుకంటే అవి లేక చేయి బిగుసుకుంటే రెండో ఆపరేషన్ ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవలసి వస్తున్నది.

మీకు కూడా ఒక విన్నపం. ఈసారి శస్త్రచికిత్స విజయవంతం అనే వార్త మీ పేజీలోకి వచ్చినప్పుడు, రోగి ఊరి పేరు మీ విలేకరిని రాసిపెట్టుకోమనండి. ఆరు నెలల తర్వాత ఒకసారి ఆ ఇంటికి పంపండి. ఫొటో అక్కరలేదు. దండెం మీద చీర ఆరేసుకోగలుగుతున్నారా అని అడిగి, వచ్చిన జవాబును అదే పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
టంగుటూరు, ప్రకాశం జిల్లా.